బడిలో బొమ్మలు చూపించడానికి తల్లిదండ్రులు రావచ్చా?

అనంత_నాన్న: మా పాప అనంతపురంలో సర్కారు బడిలో ఐదో తరగతి. నెలకో శనివారం ఎవరో ఒక తల్లో తండ్రో వచ్చి తమకొచ్చిన కళ పిల్లలకు చూపిస్తున్నారు. పోయినసారి ఒకాయన తోలుబొమ్మలు తెచ్చాడు. వాళ్ల పెద్దలది తోలుబొమ్మల ఊరు నిమ్మలకుంట. కిటికీలు మూసి, పంచె తెరగా కట్టి, వెనక బల్బు పెట్టి హనుమంతుణ్ణి ఆడించాడు. ఉలితో కొట్టిన చిల్లుల్లోంచి వెలుగొచ్చి నగలు మెరిశాయని పాప రాత్రి పదింటిదాకా ఒకటే మాట. మీ బడుల్లో ఇట్లాంటివి ఉన్నాయా?

కదిరి_మల్లె: మా బాబు బడిలో ఫీజు కట్టడానికి మాత్రమే రమ్మంటారు.

సుద్దముక్క: నేను టీచర్ని. ఆలోచన మంచిదే. కానీ ఒకసారి ఒకమ్మ ముగ్గులు నేర్పుతానని వచ్చి గంటసేపూ తన కొడుకు చెయ్యే పట్టుకుని వేయించింది. మిగతా ముప్పై మంది నేలంతా సుద్ద చేశారు. ఊడ్చింది ఎవరనుకుంటున్నారు?

వేరుశెనగ: మేకతోలు క్లాసులోకి తెస్తున్నామని ముందే చెప్పారా?

అనంత_నాన్న: వెంట్రుకలు తీసి, శుభ్రం చేసి ఆరబెట్టిన తోలు అన్నా. మృదంగం ముట్టుకోమా? ఆ తోలు మీద బొమ్మలు గీసినందుకే దళవాయి చలపతిరావు గారికి 2020లో పద్మశ్రీ ఇచ్చారు.

వేరుశెనగ: పద్మశ్రీ సంగతి నేనడగలేదు. ముందే చెప్పారా లేదా?

రెండో_బెంచి: నిమ్మలకుంట ఇప్పుడు మన జిల్లా కాదు. 2022 ఏప్రిల్ నుంచి శ్రీ సత్యసాయి జిల్లా.

అనంత_నాన్న: బొమ్మకు జిల్లా ఏంది సామీ! వేరుశెనగ అన్నా, నీ ఇబ్బంది తోలుతోనా, తోలుపని చేసేవాళ్లతోనా? సూటిగా చెప్పు.

వేరుశెనగ: మాట జాగ్రత్త అప్పా. నేను బోర్డులు రాసి బతికినోణ్ణి. ఫ్లెక్సీలొచ్చి ఆ పని పోయింది. మా బడివాళ్లు ‘మీరూ పేరెంటే కదా’ అని పిలిచి మూడు రోజులు గోడల మీద అఆలు, నాయకుల బొమ్మలు రాయించుకున్నారు. రంగులు కూడా నావే. ఆ నెలలోనే ఒక ఇంజనీరు సారు వచ్చి కాగితంతో పడవలు చేయిస్తే శాలువా కప్పారు. మీ బొమ్మలాయనకు బస్సు చార్జీ అయినా ఇచ్చారా?

అనంత_నాన్న: లేదు. టీ ఇచ్చారు.

వేరుశెనగ: అదీ సంగతి. ఆయన ఆట ఆడితే సంసారం గడవాలి. మీరేమో పాప మురిసిందని రాస్తున్నారు.

సుద్దముక్క: ఇవ్వడానికి మా దగ్గర పద్దు ఎక్కడుంది? 2020 జాతీయ విద్యా విధానం ఆరు నుంచి ఎనిమిదో తరగతి పిల్లలను పది రోజులు సంచి లేకుండా స్థానిక వృత్తులవాళ్ల దగ్గర పని నేర్చుకోమంది. చేతిలో డబ్బు పెట్టేవాళ్లు ఎవరూ మా గుమ్మం తొక్కలేదు.

కదిరి_మల్లె: పిల్లల కోసం ఒక గంట వస్తే దానికీ కూలి లెక్కేనా?

వేరుశెనగ: నెల జీతం వచ్చేవాళ్లకు అది ఒక గంట తల్లీ. మాకు ఆ పూట కూలి.

అనంత_నాన్న: బడి కమిటీలో ముప్పాతిక మంది తల్లిదండ్రులే ఉండాలని 2009 విద్యాహక్కు చట్టంలో ఉంది. వచ్చే మీటింగులో అడుగుతా. తలా పది రూపాయలు వేసుకున్నా ఆయన దారి ఖర్చు వస్తుంది. తోలు మాట అన్నందుకు ఏమనుకోకు అన్నా.

రెండో_బెంచి: వచ్చే శనివారం ఎవరు?

అనంత_నాన్న: నా పేరే రాశారు. నాకు బొమ్మ రాదు, పాట రాదు.

వేరుశెనగ: అది మీ టెన్షన్. తోలు గురించి ముందే చెప్పారా లేదా, దానికింకా జవాబు రాలేదు.