సూత్రం అంటే పోగు: ఒక అనువాదం మీద నా మాట

మొన్న ఇక్కడ ఒకరు భౌతికశాస్త్రవేత్త రిచర్డ్ ఫైన్‌మన్ మాట ఒకటి తెలుగు చేసి పెట్టారు. 1964లో కార్నెల్ విశ్వవిద్యాలయంలో గురుత్వాకర్షణ మీద ప్రసంగించి, చివర్లో ఆయన అన్న మాట అది. ప్రకృతి బాగా పొడవైన దారాలతోనే నేస్తుందట. అందుకే ఏ చిన్న గుడ్డపీలిక చూసినా మొత్తం బట్ట అల్లిక తెలిసిపోతుందట.

నేను 'దారం' దగ్గర ఆగిపోయాను. మాది బరంపురం, పట్టు నేసే ఇల్లు. మా ఇంట్లో దారం అంటే పూలు కట్టేది, గుండీ కుట్టేది. మగ్గం మీద ఉండేది పోగు. నిలువునా బిగించి ఉంటే పడుగు, నాడెతో అటూ ఇటూ పోయేది పేక. ఫైన్‌మన్ చెప్పింది పడుగు గురించేనని నా గట్టి నమ్మకం.

చీర కొంగులోంచి అరచెయ్యంత ముక్క తీసుకోండి. అందులోని పడుగు పోగులే చీర ఒంటి మీదుగా రెండో చివరి దాకా పోతాయి. ఆ ముక్కలో పడుగు ఎంత ఒత్తుగా ఉందో, ఏ రంగో చూస్తే ఆ మేర చీర పొడుగునా పడుగు తెలిసినట్టే. పేక అలా కాదు. కొంగులో ఒక రంగు, ఒంట్లో ఇంకో రంగు వేసుకోవచ్చు. ఎక్కడి పేక అక్కడిదే.

ఇప్పుడు భౌతికశాస్త్రంలోకి రండి. కొబ్బరికాయ తొడిమ ఊడి మొదటి సెకనులో 4.9 మీటర్లు పడుతుంది. భూమి కేంద్రం నుంచి చూస్తే చందమామ ఆ కాయ కన్నా 60 రెట్లు దూరంలో ఉంది. భూమి లాగుడు దూరం వర్గాన్ని బట్టి తగ్గుతుంది కాబట్టి అక్కడ అది 60 × 60, అంటే 3600 వంతుల్లో ఒక వంతు. భాగించండి. చందమామ సెకనుకి సుమారు 1.4 మిల్లీమీటర్లు భూమి వైపు ఒరుగుతుంది. రెండిట్లోనూ ఒకే పోగు. 1798లో కేవెండిష్ అనే శాస్త్రవేత్త గదిలో సీసపు గుండ్ల మధ్య కొలిచిందీ ఆ పోగునే. కాయ ఏ చెట్టుది, ఎప్పుడు రాలింది అన్నది పేక.

మనకి ఈ పోలిక కొత్తగా కల్పించక్కర్లేదు కూడా. ఫార్ములాని బళ్లో ఏమంటాం? సూత్రం. సూత్రం అంటేనే పోగు. ఇక్కడ ఒడియా బడిలో చదివిన మా పిల్లలకి అది ఇంకా దగ్గర. దారం 'సూతా', ఫార్ములా 'సూత్ర'. పడుగూ పేకల్లా అల్లుకుని ఉండటాన్ని చెప్పే 'ఓతప్రోతం' ఉండనే ఉంది. నీళ్లలో ఇదంతా అల్లుకుని ఉంటే ఆ నీళ్లు దేనిలో అల్లుకుని ఉన్నాయని బృహదారణ్యక ఉపనిషత్తులో గార్గి యాజ్ఞవల్క్యుణ్ణి అడిగింది. జవాబు వచ్చిన కొద్దీ, మరి అది దేనిలో అని అడుగుతూనే పోయింది. సిద్ధాంతం రాసేవాళ్ల పని అంతా ఆ ప్రశ్నేనని నాకనిపిస్తుంది.

అందుకని ఆ మాటకి నా అనువాదం ఇది: "ప్రకృతి నేతలో పడుగు బహు పొడుగు, ఏ పీలిక పట్టుకున్నా బట్టంతటి పోగులే చేతికొస్తాయి."

*వ్యాఖ్య (రాయగడ నుంచి):* అమ్మా, చిన్న అభ్యంతరం. పేక పోగు విప్పి చాపితే పడుగు పోగు కన్నా ఎన్నో రెట్లు పొడుగు కదా. 'పొడవైనది' పడుగే అని ఎలా అంటారు?

*నా జవాబు:* మంచి పట్టు పట్టారండీ. విప్పి చాపితే మీరన్నదే నిజం. కానీ బట్టలో ఉన్నప్పుడు పేక ప్రతి అంచు దగ్గరా వెనక్కి తిరుగుతుంది. పడుగు తిరగదు. నేను పొడుగు అన్నది ఆ తిరగకుండా పోవడాన్ని. అది తెలిసేలా 'పొడుగు' తీసేసి 'పడుగు చివరంటా సాగేది' అంటే సరిపోతుందేమో చూడండి.

*వ్యాఖ్య (పర్లాకిమిడి నుంచి):* మరి పడుగు తెగితే?

*నా జవాబు:* తెగుతుందండీ, రోజూ తెగుతుంది. మగ్గం ఆపి, తెగిన కొసలు వెతికి పట్టుకుని, వేళ్లతో పురి పెట్టి అతుకు వేస్తాం. మా తాత అతుకు వేస్తే గోటితో తడిమినా దొరికేది కాదు. న్యూటన్ గురుత్వాకర్షణ సూత్రమనే పోగు బుధగ్రహం దగ్గర అలాగే తెగింది. కక్ష్య తిరుగుడులో శతాబ్దానికి 43 వికలల (వికల అంటే డిగ్రీలో 3600వ వంతు) తేడా ఎవరికీ లెక్క తేలలేదు. 1915లో ఐన్‌స్టీన్ అతికాడు. కొబ్బరికాయ దగ్గర మాత్రం ఈ నాటికీ పాత పోగే కనబడుతుంది, అతుకు చేతికి తగలదు.