హోమ్ స్టాండ్‌లో అవతలి టీమ్ జెర్సీ వేసుకుని కూర్చోవచ్చా?

పెన్నా గట్టు (నెల్లూరు):
మా వాడికి ఫుట్‌బాల్ పిచ్చి. 2022 మార్చిలో గోవాలోని ఫటోర్డాలో కేరళ మీద పెనాల్టీల్లో 3-1తో గెలిచి హైదరాబాద్ ఇండియన్ సూపర్ లీగ్ కప్పు ఎత్తినప్పటి నుంచి వాడి మంచం పక్కన గోడ మీద గోల్‌కీపర్ కట్టిమణి ఫొటోనే. మూడేళ్ల కింద చెన్నైలో వాళ్ల టీమ్ చెన్నైయిన్‌కు, హైదరాబాద్‌కు మ్యాచ్ ఉంటే తీసుకుపోయాను. అప్పుడు వాడికి పదేళ్లు. తోడు ఒక స్నేహితుడు కూడా వచ్చాడు.

అవే (away) స్టాండ్, అంటే బయటి నుంచి వచ్చిన టీమ్ అభిమానులు కూర్చునే చోటు, టికెట్లు నాకు దొరకలేదు, మామూలు స్టాండ్‌లో తీసుకున్నాను. చుట్టూ అంతా నీలం. మధ్యలో మా వాడొక్కడు పసుపు జెర్సీ. హైదరాబాద్ బంతి తీసుకుపోతుంటే లేచి అరిచాడు. ముందు వరసలో ఆయన వెనక్కి తిరిగి "తంబీ, కేరళావా?" అన్నాడు. కేరళ వాళ్లదీ పసుపే మరి. నవ్వుతూనే అన్నాడు. పక్కనున్నాయన మాత్రం నవ్వలేదు. పైన ఏదైనా వేయండి సార్ అన్నాడు. నా ఫుల్ హ్యాండ్స్ చొక్కా విప్పి వాడికి తొడిగి నేను బనీనుతో కూర్చున్నా. ఆ చేతులు వాడి మోకాళ్ల దాకా వేలాడుతున్నాయి. చప్పట్లు కొట్టాలన్నా చేతులు బయటికి రాలేదు.

ఇప్పుడు వాడికి పదమూడు. మళ్లీ చెన్నై పోదామంటున్నాడు, ఈసారి పసుపే వేసుకుంటా, పైన ఏమీ వేసుకోనంటున్నాడు. ఏమంటారు?

ఒంగోలు గిత్త:
వద్దు. టికెట్ మీద ఏ స్టాండ్ రాసుంటే ఆ స్టాండ్ మర్యాద పాటించాలి. ఆడపెళ్లివారి బంతిలో కూర్చుని మగపెళ్లివారి వంటే బాగుందని అరుస్తామా? ఆ పక్కాయన తప్పేమీ అనలేదు.

పెన్నా గట్టు:
తప్పన్నానా? అడిగాను.

కావలి కుర్రోడు:
చెన్నైలో పసుపు వేసుకుంటే క్రికెట్ అనుకుని వదిలేస్తారు అన్నా. టెన్షన్ ఎందుకు?

లీడ్స్‌లో నెల్లూరోడు:
ఇక్కడి సంగతి చెబుతా. ప్రీమియర్ లీగ్‌లో అవే వాళ్లకు 3,000 టికెట్లు ఇవ్వాలి, చిన్న స్టేడియమైతే సీట్లలో పదో వంతు. 2016 నుంచి ఆ టికెట్ 30 పౌండ్లు దాటకూడదని కూడా పెట్టారు. వాళ్ల గేటు వేరు, టాయిలెట్ వేరు, మధ్యలో ఖాళీ సీట్లు, పోలీసులు. అంత ఏర్పాటు చేశారు కాబట్టే హోమ్ స్టాండ్‌లో అవే రంగు కనిపిస్తే బయటికి పంపించేస్తారు. నేను మొదటిసారి పోయినప్పుడు అవతలి టీమ్ గోల్ కొడితే అలవాటుగా "అబ్బా!" అన్నాను. తెలుగులో అన్నాను కాబట్టి బతికిపోయా.

ఒంగోలు గిత్త:
చూశారా? ఫుట్‌బాల్ పుట్టిన దేశంలోనే రూలు అది.

కందుకూరు నుంచి:
ఆయన చెప్పింది సగమే పట్టుకున్నారు గిత్త గారూ. వాళ్లు ముందు అవే వాళ్లకు చోటిచ్చారు, ఆ తర్వాతే రూలు పెట్టారు. చోటివ్వకుండా రూలు మాత్రం పెడితే అదేం న్యాయం?

సూళ్లూరుపేట ప్యాసింజర్:
చెన్నై స్టేడియం సెంట్రల్ స్టేషన్ వెనకే, నడిచిపోవచ్చు. పోయేటప్పుడు రైలే మేలు. మ్యాచ్ ఏడున్నరకైతే అయ్యేసరికి తొమ్మిదిన్నర. బస్సుకైతే మాధవరం పోవాలి, మన ఆంధ్రా బస్సులన్నీ అక్కడి నుంచే. పవర్ బ్యాంకు, నీళ్ల సీసా తీసుకుపోవద్దు, గేటు దగ్గర వదిలేయాలి.

ఒంగోలు గిత్త:
కందుకూరు తమ్ముడూ, న్యాయం మాటలు బాగానే ఉంటాయి. నా అనుభవం విను. ఇంటర్ చదివే రోజుల్లో మా ఊరి టీమ్ ఆడుతోందని పక్క మండలంలో ఒక ఊరికి టోర్నమెంటుకు పోయాం. గోల్ పడగానే ఈల వేశాను, ఒక్క ఈల. మ్యాచ్ అయ్యాక వచ్చి చూస్తే స్కూటర్ రెండు టైర్లకూ గాలి లేదు. స్టెప్నీకి కూడా తీసేశారు! ఒక టైరంటే కోపం అనుకోవచ్చు, స్టెప్నీ దాకా పోయారంటే ఎంత ఓపికగా కూర్చుని తీసి ఉంటారో ఆలోచించు. నాలుగు కిలోమీటర్లు తోసుకుంటూ వచ్చాం. అవతలి ఊళ్లో ఎలా ఉండాలో అప్పుడు తెలిసింది నాకు.

కావలి కుర్రోడు:
స్టెప్నీ 😂😂

కందుకూరు నుంచి:
పాతికేళ్ల కిందటి స్టెప్నీకి, ఈ పిల్లాడి జెర్సీకి సంబంధం ఏంటండీ?

ఒంగోలు గిత్త:
సంబంధం లేదా? 1980 ఆగస్టు 16న కోల్‌కతా ఈడెన్ గార్డెన్స్‌లో ఈస్ట్ బెంగాల్, మోహన్ బగాన్ మ్యాచ్‌కు పోయిన వాళ్లలో 16 మంది తిరిగి ఇంటికి రాలేదు. గ్యాలరీలో మొదలైన గొడవే అది. అర్జెంటీనాలో అయితే ఒక అభిమాని చనిపోయాక 2013లో అవే వాళ్లను అసలు రావద్దన్నారు. మాట మాటతో ఆగదు. పక్కన పదేళ్ల పిల్లాడు ఉన్నప్పుడు నాన్న అనేవాడికి మొదట గుర్తుకు రావాల్సింది ఇది, రంగు కాదు.

పెన్నా గట్టు:
నాన్నగా ఎలా ఉండాలో నీ దగ్గర నేర్చుకోవాలా? చొక్కా తొడిగింది నేను. గంటసేపు బనీనుతో కూర్చుంది నేను. అదేం మరణాయుధాల గ్యాలరీ కాదు. మధ్యలో ముందాయన మా వాడికి పాప్‌కార్న్ కూడా పెట్టాడు.

సూళ్లూరుపేట ప్యాసింజర్:
పాప్‌కార్న్ లోపలే కొనాలి. బయటిది రానివ్వరు.

ఒంగోలు గిత్త:
పాప్‌కార్న్ పెట్టాడంటున్నావు, మరి బాధ దేనికి? ఒక మనిషి మర్యాదగా చొక్కా వేయమన్నాడు. విప్పమనలేదు, వేయమన్నాడు. ఆ తేడా గమనించు.

కందుకూరు నుంచి:
విప్పమన్నా, కప్పమన్నా ఒకటే కదండీ.

ఒంగోలు గిత్త:
ఒకటి కాదు. విప్పమంటే అవమానం. కప్పమంటే సలహా.

లీడ్స్‌లో నెల్లూరోడు:
ఒక సంగతి గుర్తొచ్చింది. ఆ ఫటోర్డా ఫైనల్లో ఇద్దరిదీ పసుపే. లీగ్ పట్టికలో హైదరాబాద్ పైన ఉంది కాబట్టి పసుపు వాళ్లకు పోయింది, కేరళ వాళ్లు నలుపు, నీలం వేసుకుని ఆడారు. అంత పెద్ద కేరళకే సొంత రంగు వదులుకోక తప్పలేదు.

కందుకూరు నుంచి:
టీమ్ వదులుకుంది. గ్యాలరీలో వాళ్ల జనం వదిలారా? పసుపేసుకునే కూర్చున్నారు.

ఒంగోలు గిత్త:
వాళ్లు వేలమంది వచ్చారు. వీడు ఒక్కడు.

పెన్నా గట్టు:
ఒక్కడెందుకయ్యాడు? నేనున్నాను. ఇంకొకడు కూడా ఉండాలి. ఇంత రాశావు కాబట్టి చెబుతున్నా, నాతో వచ్చిన ఆ స్నేహితుడు ఎవరో ఇక్కడ చెప్పమంటావా? నువ్వు చెబుతావా?

కావలి కుర్రోడు:
ఓహో 👀

ఒంగోలు గిత్త:
నేనే. దాచుకోవడానికేముంది? నువ్వు పేరు రాయలేదు, నేనూ రాయలేదు.

పెన్నా గట్టు:
అయితే మిగతాది కూడా రాయి. చెన్నై గోల్ కొట్టినప్పుడు లేచి చప్పట్లు కొట్టింది ఎవరు? చొక్కా తొడిగాను కానీ గుండీలు పెట్టలేదు నేను. ముందు తెరిచే ఉంచాను, పసుపు కొంచెం కనిపించనీ అని. నువ్వు లేచి చప్పట్లు కొట్టినప్పుడు వాడు నీ వంక చూశాడు. చూసి, ఆ పొడుగు చేతుల్లోంచి వేళ్లు బయటికి లాగి, ఒక్కొక్క గుండీ పెట్టుకున్నాడు. మెడ దాకా. ముందాయన అన్నందుకు కాదు, పక్కాయన అన్నందుకూ కాదు. బాబాయ్ అవతలి వైపు ఉన్నాడని. మూడేళ్లుగా నీకు ఇది చెప్పలేదు. భయపడి కొట్టావులే అనుకుని ఊరుకున్నా.

ఒంగోలు గిత్త:
భయపడి కాదు. గోల్ బాగుంది, కొట్టాను.

నువ్వు అడగలేదు కాబట్టి నేనూ చెప్పలేదు. నేను హైదరాబాద్ కోసం రాలేదు. నువ్వు రమ్మంటే వచ్చాను. హైదరాబాద్ నాదెట్లా అయింది? రాష్ట్రం రెండైనాక మా తమ్ముడు అక్కడ పన్నెండేళ్ల అద్దె ఇల్లు వదిలేసి వచ్చిన రోజు నాకు గుర్తుంది, ఎందుకు వచ్చాడో నీకూ తెలుసు. చెన్నై అంటావా, మా అమ్మకు కంటి ఆపరేషన్ అక్కడే చేయించాను. నెల రోజులు సెంట్రల్ ఎదురుగా ఇడ్లీ తిని బతికాను. ఒంగోలు నుంచి రెండూ ఇంచుమించు ఒకే దూరం. ఒక ఊరు నాకు అవే అని, ఇంకోటి హోమ్ అని నువ్వెవరు చెప్పడానికి?

పెన్నా గట్టు:
నెల్లూరు నుంచి చెన్నై 175, హైదరాబాద్ సుమారు 450. దూరం లెక్కైతే నేను నీకంటే ముందు నీలం వేసుకోవాలి. దూరం చూసి ఎవరన్నా టీమ్‌ను పట్టుకుంటారా? తెలుగు ఊరి పేరున్న టీమ్ అదొక్కటే ఉండింది ఆ లీగ్‌లో. వాడికి టీవీలో అది కనిపించింది, పట్టుకున్నాడు. మీ తమ్ముడి సంగతి వాడికేం తెలుసు?

సూళ్లూరుపేట ప్యాసింజర్:
రైలుకైతే 176 వస్తుంది.

కందుకూరు నుంచి:
మీరిద్దరూ మా ఊరొచ్చి మాట్లాడుకోండి. మా తాత పుట్టింది నెల్లూరు జిల్లా కందుకూరులో. 1970లో జిల్లా కొత్తగా కట్టి మమ్మల్ని ఒంగోలు వైపు వేశారు, మా నాన్న ప్రకాశం వాడయ్యాడు. 2022లో మళ్లీ నెల్లూరులో కలిపారు, ఆ తర్వాత తిరిగి ప్రకాశంలోకే వేశారు. ఇల్లు కదలలేదు, గడప కదలలేదు. మా నాన్నకు మాత్రం కలెక్టరాఫీసు మారుతూనే ఉంది, నెల్లూరులో ఉన్నన్నాళ్లూ ఆయన ఒంగోలు పేపరే తెప్పించుకున్నాడు.

ఇంకో మాట. మీరు కొట్టుకుంటున్న ఆ హైదరాబాద్ క్లబ్బు 2025లో ఢిల్లీకి పోయింది. పేరు కూడా మారింది. ఆ పసుపు జెర్సీకి ఇప్పుడు హోమ్ స్టాండే లేదు.

పెన్నా గట్టు:
తెలుసు. వాడికీ తెలుసు. అందుకే వేసుకుంటానంటున్నాడు. నాలుగైదు నెలలైతే అసలు పట్టదు, ఇప్పటికే చంకల దగ్గర బిగుసుకుంటోంది.

లీడ్స్‌లో నెల్లూరోడు:
టీమే లేనప్పుడు ఏ స్టాండ్ అయినా ఒకటే. వేసుకోనీయండి అన్నా.

ఒంగోలు గిత్త:
కేరళ మ్యాచ్ రోజు మాత్రం వద్దు. ఆ రోజు పసుపు అంటే చెన్నై వాళ్లకు ఒకటే అర్థం. ఇది మర్యాద కోసం చెప్పడం లేదు, నిజంగానే చెబుతున్నా.

గుండీల సంగతి నాకు తెలియదు. గోల్ వైపు చూస్తున్నా, వాడి వైపు చూడలేదు.

పెన్నా గట్టు:
తెలియదనే అనుకున్నా.

ఒంగోలు గిత్త:
ఫోన్ చేస్తున్నా, ఎత్తు. పిల్లాడికి ఇవ్వు.

కావలి కుర్రోడు:
ఇంత దాకా ఇక్కడ తిట్టుకుని ఇప్పుడు ఫోన్లో మాట్లాడుకుంటే ఎట్లా అన్నా? మాకేం తెలుస్తుంది?

సూళ్లూరుపేట ప్యాసింజర్:
పోయే రోజు చెప్పండి. నేను సూళ్లూరుపేటలో ఎక్కుతా.