షాంపేన్‌లో చిన్న రైతు కుటుంబాల తోటలు చూడాలంటే ఎలా వెళ్లాలి?

అందరికీ నమస్కారం. సెప్టెంబర్‌లో నేనూ మా ఆయనా ఫ్రాన్స్ వెళ్తున్నాం, షాంపేన్ ప్రాంతంలో 2 రోజులు ఉంటాం. అక్కడి ఎపెర్నే పట్టణంలో పెద్ద కంపెనీల సెల్లార్లు (సీసాలు నిల్వచేసే నేలమాళిగలు) టికెట్ కొంటే ఎవరైనా చూడొచ్చు. మాకు మాత్రం సొంత తోటలో పండిన ద్రాక్షతో తామే షాంపేన్ తయారుచేసే కుటుంబాన్ని కలవాలని ఎంతో కోరికగా ఉంది. లేబుల్ మీద చిన్న అక్షరాల్లో ‘ఆర్‌ఎం’ అని ఉంటే అలాంటి వాళ్ల సీసా అని తెలుసు.

నా టెన్షనల్లా కోతల గురించే. అక్కడ ద్రాక్షను చేత్తోనే కోయాలన్నది నియమం కాబట్టి ఆ రోజుల్లో ఇంటిల్లిపాదీ పనిలోనే ఉంటారు. మనం వెళ్తే వాళ్లకు ఇబ్బందా? అక్టోబర్‌కు మార్చుకోమంటారా?

షార్డొనే అనే తెల్లద్రాక్ష రకం ఇష్టం కాబట్టి, అది ఎక్కువగా పండే అవీజ్, క్రమాఁ ఊళ్లు అనుకుంటున్నాం. ఎపెర్నే నుంచి కారు లేకుండా వెళ్లగలమా? ఫ్రెంచ్ రాదు, ఇంగ్లీషులో మెయిల్ రాస్తే జవాబిస్తారా?

ఇంకొకటి. కొందరు రైతులు సీసాలోని ఈస్ట్ మడ్డి తీసేసి కార్క్ బిగించిన తేదీని వెనక లేబుల్ మీద వేస్తారు. ఆ తేదీ నుంచి హైదరాబాద్ వేడిలో, మామూలు ఫ్రిజ్‌లో ఎన్నాళ్లు పెట్టొచ్చు? వెళ్లొచ్చినవాళ్లు దయచేసి చెప్పండి.