కాన్షియస్‌నెస్‌ వేరు, కాన్షెన్స్‌ వేరు: పిల్లలకు ఎలా చెప్పాలి?

హనుమకొండలో ఇంటర్ పిల్లలకు ఇంగ్లీషు చెబుతాను. నిన్న ఒక అమ్మాయి నోట్సులో మైండ్, కాన్షియస్‌నెస్, కాన్షెన్స్ మూడింటికీ ఎదురుగా ‘మనసు’ అనే రాసుకుంది. నవ్వబోయి ఆగాను, నేనే అలా చెప్పి ఉంటాను.

చివరి రెండూ ఒకే లాటిన్ మూలం నుంచి వచ్చినవి. కాన్షెన్స్‌కు అంతరాత్మ సరిపోతుంది, తప్పు చేస్తే లోపల గుచ్చేది అదే. చిక్కంతా కాన్షియస్‌నెస్‌తోనే. ఎంజీఎం ఆసుపత్రిలో రోగికి తిరిగి వచ్చేది స్పృహ, వేదాంతులు మాట్లాడేది చైతన్యం. మైండ్ ఆలోచిస్తుంది కూడా, మన మనసేమో ఎక్కువగా ఇష్టపడుతుంది, నొచ్చుకుంటుంది. బుద్ధి అందామంటే అది ఇంటెలెక్ట్‌కు పోతుంది (బుద్ధి లేదా అని తిట్టడానికీ అదే మాట!).

ఒక్కో మాటకు పిల్లల నోట నిలిచే వాక్యం ఒకటి చెప్పగలరా? నిఘంటువులు చూశానండీ, అవి వద్దు.