మొదటి ఫిషింగ్ కయాక్: తెడ్డుదా, పెడల్‌దా?

ఇర్వింగ్_కొత్తోడు:
డల్లాస్ పక్కన ఇర్వింగ్‌లో ఉంటాను. ఇన్నాళ్లూ గ్రేప్‌వైన్, లూయిస్‌విల్ లేకుల దగ్గర గట్టు మీద నుంచే గాలం వేస్తున్నాను, ఇప్పుడు కయాక్ (ఒక్కరు కూర్చుని నడిపే సన్నటి చిన్న పడవ) కొందామని ఉంది. ఆఫీసులో ఒకాయన "కొంటే పెడల్‌దే కొను, లేకపోతే ఏడాదిలో మళ్లీ మార్చుకుంటావు" అంటున్నాడు. మంచిది కావాలంటే మూడు వేల డాలర్ల దాకా అవుతోంది. నాకున్నది కామ్రీ కారు, ఇల్లు రెండో అంతస్తులో అపార్ట్‌మెంట్, నా బరువు 190 పౌండ్లు. ఏది కొనమంటారు?

కొల్లేటి_కొంగ:
మీ ఆఫీసాయన మాట వినండి. మార్చి, ఏప్రిల్‌లో ఇక్కడ దక్షిణం గాలి ఎలా కొడుతుందో తెలుసు కదా. తెడ్డు వేసే బోటైతే రెండు చేతులూ దానికే సరి, రాడ్ అందుకునేలోపు చేపలున్న చోటు దాటి కొట్టుకుపోతారు. పెడల్ ఉంటే కాళ్లతో బోటుని అదుపులో పెట్టుకుని చేతులతో హాయిగా గాలం వేసుకోవచ్చు. హోబీ కంపెనీ వాళ్లు కాళ్లతో తొక్కే మిరాజ్ డ్రైవ్ తెచ్చింది 1997లో, ఇది కొత్తగా వచ్చిన ఫ్యాషనేమీ కాదు.

గోదారి_గట్టు:
కొంగ గారూ, గాలి గురించి మీరన్నది నూటికి నూరుపాళ్లు నిజం. కానీ ఆయనకున్న కారేంటో, ఇల్లెక్కడో కూడా చూడండి. హోబీ అవుట్‌బ్యాక్ లాంటి పెడల్ కయాక్ అన్నీ బిగించాక 100 పౌండ్లు దాటుతుంది. దాన్ని తెల్లవారుజామున ఒక్కడే కామ్రీ మీదకి ఎత్తాలి, లేక్ దగ్గర దించాలి, మధ్యాహ్నం టెక్సస్ ఎండలో ఒళ్లు హూనమయ్యాక మళ్లీ ఎత్తి కట్టాలి. కొన్నాళ్లు సరదాగానే చేస్తాడు, ఆ తర్వాత ఆ బరువు తలుచుకుని శనివారాలు ఇంట్లోనే ఉండిపోతాడు. పికప్పో ట్రైలరో ఉన్నవాడికైతే నేనూ పెడల్ అనే చెప్తాను.

కొత్తోడు గారూ, మీరు 10 నుంచి 12 అడుగుల పొడవు, 65 పౌండ్లు దాటని సిట్-ఆన్-టాప్ (పైన కూర్చునే రకం) చూడండి. లోపల కూర్చునే రకం బోల్తా పడితే నీళ్లు నిండిపోతాయి, లేక్ మధ్యలో వాటిని తోడిపోయడం ఒక్కడి వల్ల కాదు. పైన కూర్చునే రకంలో నీళ్లు అడుగున ఉండే స్కప్పర్ రంధ్రాల్లోంచి వాటంతటవే దిగిపోతాయి, పక్క నుంచి పాకి ఎక్కేయొచ్చు. ఈ ఎక్కడం మొదటి రోజే ఒడ్డు దగ్గర, నడుం లోతులో కావాలని తిరగబడి నేర్చుకోండి.

కంపెనీ రాసే గరిష్ఠ బరువులో మూడింట రెండొంతులే లెక్కేసుకోండి. మీరు, ఐస్ బాక్సు, సామాను కలిపి 230 పౌండ్లు అనుకుంటే 275 మోసేది తేలుతుంది గానీ నీళ్లలోకి దిగబడి ఈడ్చుకుంటూ నడుస్తుంది. 350 మోసేది కావాలి. పర్సెప్షన్ పెస్కడార్ ప్రో 12 ఆ లెక్కకి సరిపోతుంది. సెకండ్ హ్యాండ్‌లో కొంటుంటే తిరగేసి స్కప్పర్ అంచులు, వెనక అడుగుభాగం వేలితో తడిమి చూడండి, ఈడ్చి ఈడ్చి అరిగేది అక్కడే. పాలిథిలిన్ పగిలితే మామూలు గమ్ముతో అతకదు, ప్లాస్టిక్ వెల్డింగ్ చేయించాలి.

ప్లేనో_పిల్ల:
12 అడుగుల బోటు రెండో అంతస్తు మెట్లు ఎలా తిరుగుతుంది అన్నా? గాలి నింపేది కొనుక్కుంటే డిక్కీలో పడుతుంది.

గోదారి_గట్టు:
మంచి ప్రశ్న చెల్లెమ్మా. చోటు అసలు లేకపోతే అదే దారి. కాకపోతే గాలి బోటు తేలిగ్గా ఉండి నీళ్ల మీద ఎత్తుగా తేలుతుంది, కొంగ గారు చెప్పిన గాలికి ఇంకా ఎక్కువ కొట్టుకుపోతుంది.

కొల్లేటి_కొంగ:
సరే, బరువు మాట ఒప్పుకుంటాను. అలాంటప్పుడు తేలికది కొని బ్యాటరీతో నడిచే చిన్న ట్రోలింగ్ మోటార్ బిగిస్తే?

గోదారి_గట్టు:
బిగించొచ్చు. కానీ టెక్సస్‌లో మోటార్ లేని కయాక్‌కి రిజిస్ట్రేషన్ అక్కర్లేదు, ట్రోలింగ్ మోటార్ పెట్టిన క్షణం నుంచి కావాలి. పైగా బ్యాటరీ బరువు. ఆ డబ్బుతో ముందు ఒంటికి సరిగ్గా పట్టే లైఫ్ జాకెట్ కొనమనండి. అమెరికా కోస్ట్ గార్డ్ 2023 లెక్క ప్రకారం, పడవ ప్రమాదాల్లో మునిగి చనిపోయి, జాకెట్ వివరం తెలిసినవాళ్లలో 87 శాతం మంది అది వేసుకోలేదు. ఈతొచ్చినా సరే, బోటులో పడేసి ఉంచడం కాదు, వేసుకోవాలి.

ఇర్వింగ్_కొత్తోడు:
కింద స్టోరేజ్ గది అద్దెకిస్తామన్నారు, 12 అడుగులది పడుతుంది. తెడ్డుదే చూస్తాను. తెడ్డు పొడవెంత ఉండాలి?

గోదారి_గట్టు:
ఎత్తు సీటు, 32 అంగుళాల వెడల్పు కాబట్టి 240 సెంటీమీటర్లు. అంతకన్నా పొట్టిదైతే ప్రతిసారీ చెయ్యి బోటు అంచుకి తగులుతుంది.