అమ్మానాన్నలు డాలస్ వస్తున్నారు: రాత్రి రెండింటి మెలకువకి ఏం చేయాలి?

ఇర్వింగ్‌వాసి:
జూన్ రెండో వారంలో అమ్మానాన్నలు హైదరాబాద్ నుంచి దుబాయ్ మీదుగా డాలస్ వస్తున్నారు. మధ్యాహ్నం 3కి దిగుతారు. నాన్నకి 66, షుగర్‌కి మెట్‌ఫార్మిన్, గ్లిమెపిరైడ్ వాడతారు. అమ్మకి 61, బీపీ మాత్ర ఒక్కటే. రాత్రి 10కి పడుకుని 6కి లేచే అలవాటు. జెట్‌లాగ్ (ఒళ్ళు ఇంకా హైదరాబాద్ టైములోనే ఉండిపోవడం) పోవాలంటే పొద్దున్నే ఎండలో నడిపిస్తే చాలని అందరూ అంటున్నారు. నిజమేనా? మెలటోనిన్ (నిద్ర హార్మోన్ మాత్ర) ఇవ్వొచ్చా, ఇస్తే ఎంత?

నైట్‌షిఫ్ట్:
పొద్దుటి నడక ఒంటికి మంచిదే. మొదటి మూడు నాలుగు రోజులు జెట్‌లాగ్‌కి మాత్రం దానివల్ల పెద్దగా ఒరిగేదేమీ ఉండదండీ. లెక్క చూడండి. 6కి లేచే మనిషికి ఒంటి వేడి బాగా దిగిపోయే వేళ సుమారు తెల్లవారుజాము మూడున్నర. జూన్‌లో తేడా పదిన్నర గంటలు కాబట్టి, దిగిన రోజున ఆ వేళ డాలస్‌లో సాయంత్రం 5కి పడుతుంది. దానికి ముందు నాలుగైదు గంటల్లో కంట్లో వెలుతురు పడితే ఒంట్లో గడియారం ఆలస్యం వైపు జరుగుతుంది, మనకి కావలసింది అదే. ఆ తర్వాత పడితే ఎదురు దిక్కుకి లాగుతుంది.

కాబట్టి మర్నాడు మధ్యాహ్నం 12 నుంచి 5 దాకా ఆరుబయట ఉంచండి. జూన్ ఎండలో నిలబెట్టమని కాదు! పాటియో నీడలో కుర్చీ వేసినా చాలు, ఇంట్లో లైట్ల కన్నా ఆ వెలుతురు ఎన్నో రెట్లు ఎక్కువ. 5 దాటాక బ్లైండ్స్ దించేయండి, బయటికి వెళ్ళక తప్పకపోతే చలువ కళ్ళద్దాలు పెట్టండి. డాలస్‌లో ఆ రోజుల్లో ఎనిమిదిన్నర దాకా పొద్దు గుంకదు. "చల్లబడింది కదా" అని సాయంత్రం ఆరున్నరకి పార్కుకి తీసుకెళ్తారు చూడండి, మొదటి రెండు రోజులు అదే దెబ్బ కొడుతుంది. తర్వాత ఆ 5 గంటల హద్దుని రోజుకో గంట చొప్పున వెనక్కి జరపండి: 6, 7, 8. అయిదో రోజు నుంచి సాయంత్రం నడకే మేలు.

మొత్తం సర్దుకోవడానికి వారం, పది రోజులు అనుకోండి.

గోంగూరపచ్చడి:
పై లెక్క వేసవికి. నవంబర్ నుంచి మార్చి మొదటి వారం దాకా తేడా పదకొండున్నర గంటలు, అన్నీ ఒక గంట ముందే పెట్టుకోండి, 5 బదులు 4 అన్నమాట.

అసలు గండం సాయంత్రం 5కే. ఒళ్ళు పడిపోయే వేళ అదే, పైగా బ్లైండ్స్ దించి ఉంటాయి. సోఫాలో "అయిదు నిమిషాలు" అని వాలితే నాలుగు గంటలు పోతుంది, ఇక ఆ రాత్రి జాగారమే. దిగిన రోజు వేడినీళ్ళ స్నానం, ఆరున్నరకి చారన్నం, ఎనిమిదిన్నర దాకా మాటల్లో పెట్టండి. అస్సలు ఆగలేకపోతే 25 నిమిషాలకి అలారం పెట్టి లేపేయండి. కాఫీ పొద్దున రెండుసార్లు, మధ్యాహ్నం ఒంటిగంట తర్వాత వద్దు.

రాత్రి రెండింటికి ఆకలేస్తుంది. అక్కడ పన్నెండున్నర, కడుపు భోజనానికి పిలుస్తోందన్నమాట. చిన్న గిన్నెలో మజ్జిగన్నం, అంతే. పప్పూ కూరా వేడి చేసి పూర్తి భోజనం పెడితే కడుపు ఇంకో వారం హైదరాబాద్ టైములోనే ఉంటుంది. ఇంకోటి, వాట్సాప్ కాల్స్. మన రెండింటికి అక్కడ అందరూ మెలకువగానే ఉంటారు, ఫోన్ హాల్లో సైలెంట్‌లో పెట్టించండి. వంటింట్లో పెద్ద లైటు వేయకుండా బాత్‌రూమ్ దారిలో చిన్న నైట్ ల్యాంప్ ఒకటి ఉంచితే చీకట్లో పడరు కూడా.

మందులచీటీ:
నాన్నగారి విషయంలో నిద్ర కన్నా ముందు చూడాల్సింది గ్లిమెపిరైడ్. మాత్ర వేసుకుని తినకుండా నిద్రపోతే షుగర్ పడిపోతుంది. మెట్‌ఫార్మిన్ ఒక్కటే అయితే ఆ భయం తక్కువ. ప్లేట్ ముందుకి వచ్చాకే మాత్ర, అదీ నియమం. విమానంలో కూడా ఇంతే, ట్రే రాకముందు వద్దు. పడమటికి వస్తే ఆ రోజు 34 గంటలకు పైగా సాగుతుంది కాబట్టి ఏ మాత్ర ఏ గంటకో బయల్దేరే ముందే డాక్టర్ చేత చీటీ మీద రాయించండి. మందులూ గ్లూకోమీటరూ చేతి సంచీలోనే, చెకిన్ పెట్టెలో వద్దు.

మెలటోనిన్ అర మిల్లీగ్రాము నుంచి 3 మిల్లీగ్రాములు చాలు, డాలస్ టైముకి పడుకోబోయే ముందు, నాలుగైదు రాత్రులు. రెండింటికి లేచినప్పుడు ఇంకోటి వేయకండి, పొద్దున్న మత్తు వదలదు. షుగర్, బీపీ మందులు వాడుతున్నారు కాబట్టి ఇద్దరికీ డాక్టర్‌ని అడిగాకే మొదలుపెట్టండి. రక్తం పలచబడే మందు, మూర్ఛ మందు వాడేవాళ్ళయితే మరీను. షాపులో దొరికే నిద్రమాత్రల్లో చాలావాటిలో ఉండేది డైఫెన్‌హైడ్రమైన్. పెద్దవాళ్ళకి దానివల్ల తికమక, మూత్రం బిగియడం, తూలి పడటం వస్తాయి. దాని జోలికి వెళ్ళకండి.

ఇర్వింగ్‌వాసి:
చాలా థాంక్సండీ. దగ్గరున్న షాపులో 10 మిల్లీగ్రాముల గమ్మీలే కనపడ్డాయి. సగం కోసి ఇస్తే?

మందులచీటీ:
సగం అయినా 5, ఎక్కువే. గమ్మీల్లో సాధారణంగా చక్కెర కూడా ఉంటుంది, నాన్నగారికి వద్దు. 1 మిల్లీగ్రాము మాత్రలు వెతకండి, సీసా మీద యూఎస్‌పీ ముద్ర (నాణ్యత పరీక్షించారన్న గుర్తు) ఉన్నవి. ఇక్కడ దీన్ని మందుగా కాక సప్లిమెంట్‌గా అమ్ముతారు, లేబుల్ మీద రాసినంతే లోపల ఉంటుందన్న నమ్మకం లేదు.