పాత నల్ల మిషన్ మీద బొంత: తీగెలు, పూలు తిప్పి కుడితే అడుగున దారం ఉచ్చులు పడుతున్నయి

హన్మకొండ నుంచి ప్రశ్న:
అందరికీ నమస్తే. మా అత్తమ్మ తొక్కుడు మిషన్ ఉంది, నల్లది, ఇనుపది. జాకెట్లు, ఫాల్సు అన్నీ దాని మీదనే కుడుత, ఎన్నడూ సతాయించలే. ఇప్పుడు మా అక్క బిడ్డకు పాప పుట్టింది, పాపకు పాత కాటన్ చీరలతోని చిన్న బొంత కుడుతున్న. నాలుగు పొరలు. నిలువు కుట్లు కాకుండ, బట్టను చేతితోని తిప్పుకుంట తీగెలు, పూలు వచ్చేటట్టు కుట్టే ఫ్రీ మోషన్ క్విల్టింగ్ వీడియోలల్ల చూసి మొదలువెట్టిన. బట్టను అదిమి పట్టే ఫుట్ తీసేసిన. కింద బట్టను ముందుకు గుంజే పళ్ళు ఉంటయి కద, వాటిని కిందికి దించే సౌలత్ మా మిషన్‌కు లేదు. పైన కుట్టు మంచిగనే కనవడుతది, తిప్పి చూస్తే అడుగున అన్నీ ఉచ్చులే. పై దారం టెన్షన్ (బిగువు) ఎంత బిగించినా ఫరక్ పడతలేదు. దీనికి కంప్యూటర్ మిషనే కావాల్నా?

కొత్తవాడ నుంచి జవాబు:
చెల్లె, కొత్త మిషన్ అవసరం లేదు. ఈ పనికి కావాల్సింది ఒక్క నేరు కుట్టు, అది మీ నల్ల మిషన్ కొత్తవాటికంటె చక్కగ వేస్తది. మన దగ్గర చీరలకు, జాకెట్లకు మిషన్ ఎంబ్రాయిడరీ చేసేటోళ్ళు రింగుకు బట్ట బిగించి, ఫుట్ తీసేసి, గిసొంటి మిషన్ల మీదనే కుడుతరు. నువ్వు చేస్తున్నది ఆ పనే, బొంత మీద చేస్తున్నవ్, అంతే.

"ఎంత బిగించినా ఫరక్ పడతలేదు" అన్నవు సూడు, అసలు సంగతి అక్కడనే ఉంది. ఫుట్ తీసేసినా సరే, ఎనుక ఫుట్‌ను లేపే, దించే పిడి ఉంటది కద, కుట్టేటప్పుడు దాన్ని దించాలె. పిడి లేచి ఉన్నంతసేపు టెన్షన్ బిళ్ళలు రెండూ ఇడిపోయి ఉంటయి, నువ్వు స్క్రూ ఎంత తిప్పినా అవి దారాన్ని పట్టుకోవు. ఫుట్ ఉంటే అది లేచి ఉన్నదని కంటికి కనవడుతది, ఫుట్ లేకుంటే ఎవ్వరికీ యాదికి రాదు. సూది కాడ పై దారం పట్టుకొని లాగి చూడు. పిడి లేపి లాగితే అలుకగ రావాలె, దించి లాగితే గట్టిగ రావాలె. దారం ఎక్కించేది మాత్రం పిడి లేపినప్పుడే, లేకుంటే బిళ్ళల నడుమ కూసోదు.

ఒక మాట గుర్తు పెట్టుకో: అడుగున ఉచ్చులు పడితే తప్పు పై దారంది. చానమంది అడుగు దారం ఉండే బాబిన్ కేసు మీద పడి దాని చిన్న స్క్రూ తిప్పుతరు, ఉన్నది కూడ ఖరాబైతది. దాని జోలికి పోకు. అనుమానం ఉంటే కేసును దారంతోని యేలాడదీసి చెయ్యి మెల్లగ జాడించు. కొంచెం జారి ఆగిందంటే అది సరిగ్గనే ఉన్నట్టు.

ఫుట్ లేకుండ బొంత కుట్టుడు మాత్రం నాకు నచ్చదు. రింగుల బట్ట బిగుతుగ ఉంటది కాబట్టి ఎంబ్రాయిడరీకి నడుస్తది. బొంత రింగుల పట్టదు. సూది పైకి లేసినప్పుడల్లా నాలుగు పొరలూ దానెంబడి లేస్తయి, కుట్టు తప్పుతది, ఏలు కూడ సూది కిందికి పోవచ్చు. మిషన్ సామాన్ల దుకాణంల స్ప్రింగు ఉండే డార్నింగ్ ఫుట్ అడుగు. దానికి ఒక చెయ్యి ఉంటది, అది సూది బిగించే స్క్రూ మీద ఆనాలె. సూదితోపాటు లేసి, బట్ట తిప్పుకోనిస్తది, కుట్టు పడేటప్పుడు మాత్రం అదిమి పడుతది. పోయేటప్పుడు మీ పాత ఫుట్ విప్పి పట్టుకపో. ఫుట్ దించినప్పుడు దాని స్క్రూ నుంచి కింద ప్లేటు దాక ముప్పావు ఇంచు దగ్గర ఉంటే అది పొట్టి రకం, మన ఇండ్లల్ల ఎక్కువగ అవే.

పళ్ళ సంగతి పెద్దది కాదు. కొన్ని పాత సింగర్లకు మిషన్ ఎనుకకు వంచితే అడుగున పళ్ళు దించే స్క్రూ ఉంటది. మీదానికి లేకుంటే కుట్టు సైజు పిడిని సున్న మీద పెట్టు. పళ్ళు లేస్తయి, దిగుతయి, బట్టను గుంజవు. అప్పుడు కూడ బట్ట పట్టుకున్నట్టు అనిపిస్తే పలుచని ప్లాస్టిక్ ముక్కకు సూది పోయేంత బొక్క చేసి పళ్ళ మీద టేపుతోని అతికించు.

సూది కొత్తది వెయ్యి, 16 నెంబరు. నాలుగు చీరల పొరకు 14 కూడ నడుస్తది గని అంచులు, మడతలు వచ్చినకాడ వంగుతది. సూదికి పొడుగు గాడి ఉన్న వైపు నుంచే దారం ఎక్కించాలె.

హన్మకొండ నుంచి:
అక్కా, పిడే! లేచే ఉంది. దించంగనే దారం పటపట తెగింది, ముందుగాల్నే బాగ బిగించి పెట్టిన కద. మెల్లమెల్లగ ఒదులు చేసుకుంట వచ్చిన, ఇప్పుడు నేరుగ పోతే రెండు దిక్కులా ఒక్కతీరు కుట్టు. డార్నింగ్ ఫుట్ కూడ దొరికింది. కాని మలుపుల కాడ ఇంకా ఉచ్చులు వస్తున్నయి, పూరేకు కొన దగ్గర మరీ. ఆగి మళ్ళ మొదలువెడితే ఒక్కోసారి అడుగున దారం ముద్ద అయితున్నది.

హుజూరాబాద్ నుంచి (మిషన్ రిపేర్ చేస్త):
ముద్ద సంగతి నేను చెప్త. తొక్కుడు మిషన్ ఆగినంక మళ్ళ మొదలువెట్టేటప్పుడు చక్రం ఎనుకకు తిరుగుతది, అరచుట్టు తిరిగినా చాలు దారం ముద్ద అయితది. ముందు చెయ్యితోని చక్రాన్ని మీ దిక్కు తిప్పి, అప్పుడు కాలు కలుపండ్రి. తోలు బెల్టు ఒదులైందేమో కూడ చూడుండ్రి. వానలకు సాగుతది. సాగితే కొంచెం కోసి మళ్ళ క్లిప్పు వేస్తే సరిపోతది.

ఇంకోటి, కొబ్బరి నూనె పోసిన మిషన్లు నా దగ్గరికి ఎన్నో వస్తయి. అది లోపల బంకలెక్క గట్టిపడుతది. అట్ల అయితే కిరోసిన్ పోసి కాసేపు ఉత్తగ తొక్కి, తుడిచి, మిషన్ ఆయిల్ వెయ్యాలె. బొంత కుట్టేటప్పుడు పాత చీరల నూగు అడుగున బాబిన్ కాడ తిరిగే షటిల్ చుట్టు మస్తు చేరుతది, బాబిన్ మార్చినప్పుడల్లా బ్రష్‌తోని తీసేయండ్రి.

కొత్తవాడ నుంచి:
తమ్ముడు చెప్పింది నిజం. ఇగ మలుపుల సంగతి.

చెల్లె, మలుపు కాడ నీ చెయ్యి ఉరుకుతున్నది, కాలు మాత్రం అదే తీరు తొక్కుతున్నది. అందుకనే అక్కడ కుట్టు పొడుగైతది, దారం పక్కకు గుంజుకపోయి అడుగున ఉచ్చు లేస్తది. ఇప్పుడు టెన్షన్ ముట్టకు. కాలు తాళం ముందు కుదరాలె, సూది ఒక్క తీరుగ పడుతుండాలె, అప్పుడు చెయ్యి కదపాలె. పూరేకు కొనకు వచ్చినంక కాలు ఆపకు, చెయ్యి నెమ్మదించు. కొన మీద ఒక్క కుట్టు ఎక్కువ పడ్డా మంచిదే, కొన నిలబడుతది. స్కేలు పెట్టి చూసుకో, ఇంచుకు 8 నుంచి 10 కుట్లు రావాలె. మలుపు కాడ 5 వస్తే చెయ్యి ఉరికినట్టు.

చేతులు రెండూ బట్ట మీదనే ఉండాలె కాబట్టి ఈ పనికి చెయ్యి మిషన్ కంటె తొక్కుడు మిషన్ ఎంతో మేలు. ఏలి కొనలకు రబ్బరు చుక్కలుండే తొడుగులు వేసుకుంటే బట్ట జారదు. చెయ్యి మార్చాలంటే సూది బట్టల దిగి ఉన్నప్పుడే ఆపాలె.

మొదలువెట్టినప్పుడు చక్రం ఒక్కసారి చెయ్యితోని తిప్పి అడుగు దారాన్ని పైకి గుంజుకో. రెండు దారాలూ పట్టుకొని అక్కడనే మూడు నాలుగు చిన్న కుట్లు వేసి, అప్పుడు కొసలు కత్తిరించు.

పై చీరకు, అడుగు చీరకు పలుచగ గంజి పెట్టి ఇస్త్రీ చెయ్యి. మెత్తబడ్డ చీర సూది కింద ముడుతలు పడుతది, గంజి పెడితే కాయితం తీరు నిలబడుతది. అన్నీ కాటనే పెట్టు, నడుమ ఒక్క పాలిస్టర్ చీర ఉన్నా పొరలు జారుతయి.

జనగామ నుంచి:
అక్కా, నడుమ చీరలకు బదులు దూది పరిస్తే? మాకు పత్తి కొదువ లేదు, ఇంటి ముందటనే ఉంటది.

కొత్తవాడ నుంచి:
పరువొచ్చు గని ఏకిన దూది కావాలె, కుట్లు కూడ దగ్గర దగ్గర పడాలె. రెండు మూడు ఇంచుల కన్న ఎక్కువ ఖాళీ ఇడిస్తే ఉతికినంక దూది ఒక మూలకు చేరి గడ్డ కడుతది. మొదటిసారి కుట్టేటోళ్ళకు చీరలే నయం. అవి ఎటూ పోవు, జల్ది ఆరుతయి.

హన్మకొండ నుంచి:
అక్కా, ఒక అడుగు పొడుగున్న ముక్క మీద అట్లనే చేసి చూసిన, మలుపులు వచ్చినయి! ఉచ్చులు ఒకటీ అరా తప్ప లేవు. ఇప్పుడు బొంత మీదికి పోత. ఎక్కడ నుంచి మొదలువెట్టాలె?

కొత్తవాడ నుంచి:
నడుమ నుంచి. అంచు నుంచి మొదలువెడితే వదులంతా నడుమకు చేరి కుప్ప పడుతది, తర్వాత ఏం చేసినా పోదు. ముందు బల్ల మీద పొరలన్నీ సాపుగ పరిచి, నాలుగేళ్ళ వెడల్పుకు ఒకటి చొప్పున పిన్నీసులు గుచ్చు. సూది దగ్గరికి వచ్చినకొద్ది ఒక్కోటి తీసుకుంట పోవాలె. పసిబిడ్డ కింద పరిచేది కాబట్టి ఎన్ని పెట్టినవో రాసుకో, అన్నీ వచ్చినయో లేదో లెక్క చూసుకున్నంకనే అంచు కుట్టు.